బజారు గొంతు

“రెండో విడతకి తల్లి గొంతు కావాలి,” అంది పిల్లలకి చెవి వైద్యం చేసే ఇన్నా సెర్గేయెవ్నా.

గదిలో ఇద్దరు ఆడవాళ్ళు కూర్చుని ఉన్నారు. ఇద్దరూ ఒక్కసారే తలెత్తారు. నోరు విప్పింది మాత్రం ఒక్కరే.

“నా గొంతేగా. ఎప్పుడు రమ్మంటావో చెప్పమ్మా, వస్తాను,” అంది ఉర్కియా.

పక్కన కూర్చున్న ఆమె కోడలు కురలాయ్ ఎత్తిన తలను దించేసుకుని, ఒళ్ళో ఉన్న పిల్లాడి టోపీని మడతపెట్టసాగింది. అది అప్పటికే మడతపెట్టి ఉంది.

అద్దం అవతలి గదిలో సంజర్ ఇసుక తొట్టి ముందు కూర్చున్నాడు. ఐదేళ్ళవాడు. పుట్టి ఇంతవరకూ ఒక్క మాట మాట్లాడలేదు. చెవులకి, తలకంటే పెద్దవిగా కనిపించే హెడ్‌ఫోన్లు. వాటిలో వయొలిన్లు మోగుతున్నాయి. మొదటిరోజు కురలాయ్ వాటిని తన చెవులకి పెట్టుకుని చూసింది. సరుకు చేత్తో ముట్టుకోకుండా కొనే అలవాటు ఆమెకి లేదు. పాటలో అడుగు స్వరాలన్నీ వడకట్టేశారు. పైన మిగిలిన సన్నటి కీచు ఉన్నట్టుండి లావెక్కేది, అంతలోనే సన్నబడేది. నడినెత్తిన ఏదో చిన్నగా వణికేది.

“ఇది పాటా, దోమా?” అని అడిగేసింది.

“చెవికి కసరత్తు,” అంది ఇన్నా నవ్వుతూ. “చెవి కాసేపు వదులవుతుంది, కాసేపు బిగుస్తుంది. దీంతో కొందరు పిల్లలకి ఎంతో కొంత కలిసొస్తుంది. కొందరికి ఏమీ రాదు. నేనైతే హామీ ఇవ్వను.”

హామీ ఇవ్వనన్నందుకే కురలాయ్‌కి ఆ మనిషి మీద గురి కుదిరింది. మొదటి మాటకే ఒట్టేసేవాడి దగ్గర ఆమె ఏనాడూ బట్టల తాను కొనలేదు.

ఇప్పుడు ఇన్నా పెన్ను కింద పెట్టి ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. ఈ తరాజ్ పట్నంలోనే పుట్టి పెరిగిన కొరియా మనిషి ఆమె. కజాఖుల ఇళ్ళ సంగతులు ఆమెకి కొత్త కాదు.

“మీ పద్ధతులు నాకు తెలుసు పెద్దమ్మా. అందుకే విడమరిచి అడుగుతున్నాను. పుట్టకముందు బిడ్డ విన్న గొంతు కావాలి. దాన్ని రికార్డు చేసి, కడుపులోంచి విన్నట్టుగా వడకట్టి వినిపిస్తాం. వీణ్ణి మోసింది ఎవరు?”

“ఐదేళ్ళుగా వీపున మోస్తున్నది నేను,” అంది ఉర్కియా.

ఇన్నా చూపు కురలాయ్ మీదికి తిరిగింది. అడగాల్సినంత సూటిగా అడిగింది. చెప్పాల్సింది ఒక్క ముక్క.

“మా అపాయే, ఈవిడే వాడి తల్లి,” అంది కురలాయ్, టోపీకేసి చూస్తూ.

* * *

అబద్ధం కాదది. ఆ ఇంటి పద్ధతి ప్రకారం మొదటి బిడ్డ నానమ్మ తాతలది. బిడ్డకి నలభై రోజులు నిండగానే వెండి నాణేలు వేసిన నీళ్ళతో స్నానం చేయించి, ఉర్కియా వాణ్ణి తన అంగీలోపలికి తీసుకుని గుండెలకి అదుముకుని ఊరికి తీసుకెళ్ళిపోయింది. ఇక వాడికి నానమ్మే అపా, అంటే అమ్మ. మాటలొస్తే కన్నతల్లిని వాడు వదినా అని పిలవాలి. కురలాయ్ మొగుడు ఎర్మెక్ కూడా అలా పెరిగినవాడే. ఇప్పటికీ ఉర్కియాని వదినా అనే పిలుస్తాడు. ఉల్లిపాయల లారీతో అస్తానా దారిలో ఉన్నప్పుడు ఫోన్ చేసి, “వదిన పడుకుందా?” అని కన్నతల్లి గురించి అడుగుతాడు.

అప్పుడు కురలాయ్‌కి ఇరవై మూడేళ్ళు. బజార్లో తెరల బట్టల దుకాణం కొత్తగా చేతికొచ్చింది. వయసుంది, ఆరోగ్యం ఉంది, ముందుముందు ఇంకా పుడతారు. ఇచ్చేది ఒక్కటి, వచ్చేవి ఎన్నో. లాభం బేరమే అనుకుంది. తర్వాత ఎవరూ పుట్టలేదు. ఉన్న ఒక్క తానూ ఇచ్చేసి, సరుకు బండి కోసం రోడ్డు మీద కళ్ళు పెట్టుకు కూర్చున్న వ్యాపారిలా అయింది ఆమె పని.

పండగలకి ఊరు వెళ్ళినప్పుడు పెద్దవాళ్ళ ముందు సొంత బిడ్డని ముద్దు చేయడం సిగ్గుమాలినతనం. వాడి కాలరు సర్దేది. భుజం మీద లేని దుమ్ము దులిపేది. సముద్రంలో చెయ్యి పెట్టి చూసి, తడి తుడుచుకుని వచ్చేసినట్టు ఉండేది.

సంజర్ మునివేళ్ళ మీద నడిచేవాడు. టీ కెటిల్ ఈల వేస్తే, కోడి కూస్తే, పెళ్ళిలో డోంబ్రా తీగ మీటితే చెవులు మూసుకుని ముడుచుకుపోయేవాడు. ఉర్కియా వాణ్ణి వీపున వేసుకుని తిరగని చోటు లేదు. దిష్టి తీసేవాళ్ళ దగ్గరికి, ముల్లా దగ్గరికి, డాక్టర్ల దగ్గరికి తిప్పింది. చివరికి ఎవరో ఇన్నా పేరు చెప్పారు. అలా ఇద్దరూ కురలాయ్ ఉండే రెండు గదుల ఇంటికి వచ్చి దిగారు.

ముసలావిడకి మోకాళ్ళ నొప్పులు. అందుకని మధ్యాహ్నం పూట పిల్లాణ్ణి తీసుకెళ్ళే పని కోడలి వంతయింది. మాట చెబితే నమ్మేవాళ్ళు లేరు గానీ, ఆ వైద్యంలో కురలాయ్‌కి దక్కిన మొదటి లాభం పాట కాదు, దారి. దుకాణం పక్కావిడకి అప్పగించి, పోప్లర్ చెట్ల కింద పిల్లాడితో నడుచుకుంటూ వెళ్ళేది. వాడు చెయ్యి ఇచ్చేవాడు కాదు. చొక్కా చేతి అంచు ఇచ్చేవాడు. ఆ అంచు పట్టుకుని ఎంత మెల్లగా నడవొచ్చో అంత మెల్లగా నడిచేది.

మొదటి విడత అయ్యేసరికి వాడు కెటిల్ ఈలకి చెవులు మూసుకోవడం మానేశాడు. అంతే వచ్చింది. అది పాట వల్లో, ఇల్లు మారినందుకో ఇన్నా కూడా చెప్పలేకపోయింది. కురలాయ్ మాత్రం వచ్చినదాన్ని వచ్చినట్టే లాభంలో వేసుకుంది.

* * *

రికార్డింగు రోజున ఉర్కియా పెళ్ళికి వెళ్ళేదానిలా తయారైంది. మఖ్మల్ కోటు, తెల్లటి తలగుడ్డ, వెండి గాజులు. గాజులు చప్పుడు చేస్తున్నాయని ఇన్నా తీయించింది. ముసలావిడ గొంతు బాగుంటుంది. జోలపాట ఎత్తుకుంటే, తలుపవతల బెంచీ మీద కూర్చున్న కురలాయ్‌కి కూడా కళ్ళు బరువెక్కాయి.

మర్నాడు ఆ గొంతును వడకట్టి సంజర్ చెవుల్లో పెట్టారు.

వాడు ఒక్క క్షణం కదలకుండా ఉండిపోయాడు. తర్వాత లేచాడు. బల్ల కిందకి వంగి చూశాడు. తలుపు వెనక చూశాడు. తెర ఎత్తి చూశాడు. అపా గొంతు ఉంది, అపా లేదు. హెడ్‌ఫోన్లు పీకి నేలకేసి కొట్టి, నోరంతా తెరిచి శబ్దం లేకుండా ఏడవడం మొదలుపెట్టాడు. ఉర్కియా లోపలికి పరుగెత్తి వాణ్ణి ఎత్తుకునేదాకా ఆగలేదు.

“వాడికి మీరు బాగా తెలుసు పెద్దమ్మా,” అంది ఇన్నా నెమ్మదిగా. “గొంతు వినపడితే మనిషి కావాలంటున్నాడు. అది మంచిదే. కానీ ఈ పనికి అది కుదరదు. నేను అడిగిన గొంతు...”

“తొమ్మిది నెలల మోత బరువా, ఐదేళ్ళ మోత బరువా? నీ మిషన్ని అడిగి చెప్పు,” అంది ఉర్కియా. పిల్లాడి తల మీదుగా కోడలికేసి ఒక చూపు చూసింది. ఆ చూపులో కోపం కంటే భయమే ఎక్కువ కనిపించింది కురలాయ్‌కి. దుకాణంలో ఒక్కోసారి ముసలివాళ్ళు ఆఖరి ముక్కని చంకలో బిగించి పట్టుకుంటారు, ఎవరైనా లాక్కుంటారేమో అన్నట్టు. అలా ఉంది పిల్లాణ్ణి పట్టుకున్న తీరు.

ఇంటికొచ్చాక పాలు పోసిన టీ అలాగే చల్లారింది.

“గురువారం బస్సుకి ఊరు పోతున్నాం,” అంది ఉర్కియా.

“అపా, ఇంకా రెండో విడత...”

“వయొలిన్లు విన్నాడుగా. చాలు. గొర్రెలు ఈనే రోజులు.”

“సరే అపా,” అంది కురలాయ్. ఆ ఇంట్లో ఆమె గొంతు అంతకు మించి లేచింది లేదు. మా కోడలికి నోట్లో నాలుకే లేదని ఉర్కియా ఊరంతా గొప్పగా చెప్పుకునేది.

* * *

“చెప్పలేదూ?” అంది సాలిమా. పక్క దుకాణంలో దారాలూ గుండీలూ అమ్మే డుంగాన్ తెగ ఆవిడ, నోటికి అదుపు లేని మనిషి. “ఒసేయ్, కిటికీ లేని గుడిసెవాడికి కూడా తెరలు అంటగట్టే దానివి. ‘కన్నది నేను’ అని రెండు మాటలు నోట రాలేదా?”

“ఇచ్చిన సరుకు అక్కా. నాదని ఎలా అంటాను?”

“సరుకా? బిడ్డే పిల్లా!”

“అమ్మడం చేతనైనదానికి వెనక్కి అడగడం చేతకాదు. నీకు తెలీదా?”

సాలిమాకి తెలుసు. దారపు ఉండ ఒకటి కురలాయ్ మీదికి విసిరి, “పో, గిరాకీ వచ్చింది. నీ ఏడుపు మొహం చూస్తే వాళ్ళు తెరలు కాదు, శవానికి చుట్టే కఫన్ గుడ్డ కొనుక్కుపోతారు,” అంది.

గురువారం పొద్దున బజారు కిటకిటలాడుతోంది. పెళ్ళిళ్ళ కాలం. ఊరికి వెళ్ళే అత్తగారికి కోడలు ఒక గౌనుగుడ్డ కానుకివ్వాలి. దాన్ని తీసుకోవడానికి ఉర్కియా దుకాణానికే వస్తానంది. బస్సు స్టాండు బజారు పక్కనే. సంజర్‌కి ఆ గోల పడదని తెలిసి, ఇన్నా ఇచ్చిన ఉన్ని టోపీ చెవుల మీదికి లాగి, పైన వాడి చేతులు ఎలాగూ ఉంటాయనే ధైర్యంతో తీసుకొచ్చింది.

వాళ్ళు వరస మొదట్లోకి వచ్చేసరికి కురలాయ్ స్టూలు మీద నిలబడి ఉంది. వీళ్ళని చూడలేదు. ఆమె ముందు ఒక పెళ్ళివారి గుంపు, చేతిలో తెల్లటి జాలీ తాను.

“రా అక్కా రా! ఎండని ఆపుతుంది, వెన్నెలని ఆపదు! చెయ్యి పెట్టి చూడు, ముట్టుకుంటే డబ్బులడగను! ఏయ్ బాబూ, పారిపోకు, మీ ఆవిడని అడక్కుండా నువ్వు తీసుకోవని నాకు తెలుసులే, ఆవిడనే ఇటు తోలు! దీన్ని కిటికీకి కడితే పక్కింటాయన టీవీ చూడ్డం మానేసి మీ కిటికీ చూస్తాడు!”

గుంపు గొల్లుమంది. కురలాయ్ బట్ట అంచు ముక్కుకి ఆనించి, రెండో చేత్తో బారెడు చాచి, ఒకటి, ఇంకొకటి, ఇంకొకటి అని బట్టని గాల్లోకి విసిరి కొలుస్తోంది. ఆ గొంతు ఉల్లిపాయల వరస దాటి, మాంసం కొట్ల దాకా పోతోంది.

ఉర్కియా ఉన్నచోటే ఆగిపోయింది. తన ఇంట్లో టీ గిన్నె అందిస్తూ “తీసుకోండి అపా” అని గుసగుసలాడే పిల్లేనా ఇది? “బజారు గొంతు,” అని పళ్ళ మధ్య అనుకుంది. పిల్లాడి చెవులు గట్టిగా మూసేద్దామని వంగింది.

పిల్లాడి చేతులు చెవుల మీద లేవు.

సంజర్ చేతులు కిందికి జారిపోయి ఉన్నాయి. టోపీ పైకి తోసుకున్నాడు. అపా పక్కనుంచి కదిలాడు. జనం కాళ్ళ మధ్యనుంచి, వేలాడుతున్న జాలీ బట్టల కిందనుంచి, మునివేళ్ళ మీద కాక పాదం మొత్తం ఆనించి నడుస్తూ స్టూలు దగ్గరికి వెళ్ళాడు. నోరు ఎక్కడుందో పైకి చూడలేదు. ఆమె మొహం చూడలేదు. స్టూలు పక్కనున్న తాన్ల దొంతర ఎక్కి, కురలాయ్ నడుం దగ్గర, కట్టుకున్న డబ్బుల సంచీ పక్కన, పొట్టకి చెవి ఆనించి నిలబడ్డాడు.

కురలాయ్ మాట మధ్యలో తెగిపోయింది. మాట ఆగగానే వాడు తల ఎత్తాడు, సంచీని పట్టుకుని ఒక్క కుదుపు కుదిపాడు.

“కానీ పిల్లా, కానీ! ఆపావేంటి?” అని అరిచింది సాలిమా. ఆమె కళ్ళు అప్పటికే తడిశాయి. “పెద్దమ్మా, చూశారా? వీడు కడుపులో ఉండగా పొద్దస్తమానం విన్నది ఈ రంకెలేగా! నొప్పులొచ్చిన రోజు కూడా ఈవిడ పెళ్ళివారికి తెరలు కొలుస్తూనే ఉంది. నేనేగా టాక్సీ పిలిచింది!”

కురలాయ్ మళ్ళీ మొదలుపెట్టింది. ఏం అమ్ముతోందో, ఎవరికి అమ్ముతోందో తెలియలేదు. అత్తగారు చూస్తోందని తెలుసు. సిగ్గుతో చెవులు కాలిపోతున్నాయి. అయినా ఆపలేదు. ఆపితే వాడు కదులుతాడు.

ఆ రోజు బస్సు వాళ్ళు లేకుండానే వెళ్ళిపోయింది.

* * *

“ఈవిడ గొంతు తీసుకో,” అంది ఉర్కియా, ఇన్నా బల్ల ముందు కూర్చుని. చెప్పడానికి పొద్దుటినుంచి బలం కూడదీసుకున్నట్టుంది. చెప్పాక ఒక్కసారిగా పాతబడిపోయినట్టు కనిపించింది. “ఇంటి గొంతు కాదు. ఆ రెండోది.”

గోడలకి బొంతలు కొట్టిన చిన్న గది. మైకు ముందు కురలాయ్‌ని కూర్చోబెట్టి ఇన్నా ఒక పిల్లల కథల పుస్తకం ఇచ్చింది. ఆమె బళ్ళో పాఠం అప్పజెప్పినట్టు చదివింది. ఇన్నా తల అడ్డంగా ఊపింది. మామూలుగా మాట్లాడమంది. మామూలుగా అంటే ఎలాగో కురలాయ్‌కి తోచలేదు.

“కొనేవాళ్ళు లేకుండా నా నోరు పెగలదు,” అంది చివరికి.

ఉర్కియా మోకాళ్ళు పట్టుకుని లేచింది. తనకి కానుకగా ఇచ్చిన గౌనుగుడ్డ ప్యాకెట్టు విప్పి, మైకు ముందు బల్ల మీద పడేసి, ఎదురుగా కుర్చీ లాక్కుని కూర్చుంది.

“ఏమ్మాయ్, ఈ సాలెగూడు ఎంతకిస్తావు?”

కురలాయ్ బిత్తరపోయింది. అత్తగారికి ఎదురు చెప్పడమా?

“నిన్నే. అంత పెద్ద దుకాణం పెట్టి నోట్లో ఎండు పెరుగుండ పెట్టుకున్నావేంటి? ఇది బట్టా, గొర్రె మీదనుంచి ఊడిన బొచ్చా?”

వ్యాపారి సరుకుని అవతలివాళ్ళు తక్కువ చేస్తే లోపల ఒక తీగ తెగుతుంది. అది అత్తగారని చూడదు, అల్లా అని చూడదు.

“బొచ్చా!” అంది కురలాయ్. గది అదిరింది. ఇన్నా చటుక్కున ఏదో మీట తగ్గించింది. “పెద్దమ్మా, కళ్ళజోడు గొర్రెలకి పెట్టి వచ్చావా? ఇటు పట్టుకుని చూడు! నీళ్ళలా జారుతోంది! ఇది కుట్టించి వేసుకుని వీధిలో నడిస్తే మీ ముసలాయన ఎవరీ పిల్ల అని వెనకాలే వస్తాడు!”

“ఉతికితే పోగుపోగూ ఊడుతుంది.”

“ఉతుకు! రాయి మీదేసి బాదు! ఊడిందా, పట్టుకొచ్చి నా మొహాన కొట్టు!”

“బేరం చెయ్యనివ్వవా?”

“చెయ్యి, నోరు నీది, బట్ట నాది!”

ఉర్కియా మొహంలో నవ్వు వచ్చి, పోయింది. బట్ట అంచు వేళ్ళ మధ్య నలుపుతూ అంది:

“అవును గానీ అమ్మాయ్. ఇలాంటి తాను నువ్వు ఇంతకుముందే ఒకరికి ఇచ్చేశావని విన్నాను.”

గొంతు మారలేదు. బేరం గొంతే. కానీ గదిలో గాలి మారింది. కురలాయ్‌కి అర్థమైంది. ఆ మైకు ముందు, ఆ ఒక్క చోట, ఆమె కోడలు కాదు, ఎదుట ఉన్నది అత్తగారు కాదు. అమ్మే మనిషి, కొనే మనిషి. ఇద్దరూ సమానం. ఇలాంటి అవకాశం మళ్ళీ రాదు.

“ఇచ్చాను పెద్దమ్మా,” అంది అదే నిండు గొంతుతో. “విప్పి కూడా చూసుకోకుండా ఇచ్చాను. కుర్రతనం. ఇలాంటివి బండ్లకొద్దీ వస్తాయనుకున్నాను.”

“ఇప్పుడు విచారమా?”

“బేరంలో విచారం ఉండదు. కానీ చేతికి బట్ట గుర్తుంటుంది. చీకట్లో వంద తాన్లు పరిచినా, నాదేదో వేళ్ళకి తెలుస్తుంది.”

“వెనక్కి అడుగుతావా?”

“అడగను. తీసుకున్నావిడ బాగా చూసుకుంది. నాకంటే బాగా. ఎండ తగలనివ్వలేదు, మడత నలగనివ్వలేదు.”

ఉర్కియా తల దించుకుంది. “మరి?”

“కొలతలో ఒక జానెడు నాకు వదులు పెద్దమ్మా.”

“జానెడు గుడ్డతో ఏం కుట్టుకుంటావే పిచ్చిదానా?”

“ఏమీ కుట్టుకోను. ముట్టుకుంటాను.”

ఇన్నా మిషన్ ఆపలేదు.

“నా మొదటి తాను కూడా అలాగే పోయింది,” అంది ఉర్కియా. ఆమె గొంతులోంచి బేరం పోయింది. “ముప్పై దాటాడు, ఇంటికొస్తే వదినా అంటాడు. నవ్వుతూనే పలుకుతాను. జానెడు అడగాలని కూడా నాకు తోచలేదు. నీకు తోచింది. గట్టిదానివి.” అని, పశువుల సంతలో బేరం కుదిరినప్పుడు మగవాళ్ళు చేసినట్టు, అరచెయ్యి ముందుకి చాపింది. “సరే. జానెడు.”

కురలాయ్ ఆ చెయ్యి పట్టుకుంది. మళ్ళీ కోడలైపోయి, దాన్ని నుదుటికి ఆనించుకుంది.

“పెద్దమ్మ మాటలు తీసేసి, మీవి మాత్రమే ఉంచుతాను,” అంది ఇన్నా, ముక్కు తుడుచుకుంటూ.

అలా సంజర్ చెవుల్లోకి సగం బేరమే వెళ్ళింది. వడకట్టాక మాటలేవీ తెలియవు. దూరాన నీళ్ళు రాళ్ళ మీద దూకుతున్నట్టు ఎగుడుదిగుడుగా ఒక గొంతు. వాడు ఏడవలేదు, వెతకలేదు. ఇసుక గుప్పిట్లోంచి ధార కట్టించి, మధ్యలో ఆపాడు. హెడ్‌ఫోన్లు తీసి, లోపల ఏముందో చూసినట్టు తొంగిచూసి, మళ్ళీ తనే పెట్టుకున్నాడు. అద్దం ఇవతల ఇద్దరాడవాళ్ళూ ఒకరి వైపు ఒకరు చూసుకోలేదు.

* * *

వాళ్ళు తర్వాతి గురువారం బస్సెక్కారు. సంచీలో రొట్టెలు, గౌనుగుడ్డ, హెడ్‌ఫోన్లు. రోజూ మధ్యాహ్నం వినిపించమని ఇన్నా చెప్పింది. మూడో విడతకి చలికాలంలో వస్తామనీ, అప్పుడు మంచు కరిగేదాకా ఉంటామనీ ఉర్కియా అంది. అదీ జానెడు. బస్సు కదులుతుంటే సంజర్ కిటికీలోంచి బయటకి చూడలేదు. తెర అంచు వేళ్ళతో నలుపుతూ కూర్చున్నాడు.

కురలాయ్ రోజులు మళ్ళీ పాత కొలతలోకి వచ్చాయి. ఒక్క తేడా ఉంది. మధ్యాహ్నం అయ్యేసరికి, గిరాకీ ఉన్నా లేకపోయినా, స్టూలెక్కి గొంతు పెంచేది. అదే సమయానికి ఊళ్ళో వాడి చెవిలో ఆమె గొంతు ఉంటుంది. రెండు చోట్లా ఒకే గొంతు ఒకేసారి పలికితే ఎక్కడో కలవకపోతుందా అనిపించేది. అది లెక్కకి అందే సంగతి కాదని ఆమెకి తెలుసు. చొక్కా అంచు పట్టుకున్న చెయ్యి మాత్రం ఖాళీగా ఉండేది. ఆ చేతికి ఎప్పుడూ ఏదో ఒక బట్ట ఇస్తూ ఉండేది.

“ఎవరికే అమ్ముతున్నావు, ఈగలకా?” అనేది సాలిమా.

“ఈగలకీ కిటికీలుంటాయక్కా.”

ఎండలు ముదిరాక ఒక మధ్యాహ్నం ఫోన్ మోగింది. అప్పుడామె ఒక ముసలాయనకి బట్ట కొలుస్తోంది. ఫోను చెవికీ భుజానికీ మధ్య ఇరికించుకుంది.

“కురలాయ్,” అంది ఉర్కియా. కోడలా అనలేదు, పిల్లా అనలేదు. వెనక ఏదో చిరుగుతున్న చప్పుడు, గొర్రెల అరుపు. “ఇప్పుడే నా వంటగది తెర రాడ్డుతో సహా పీకి కింద పడేశాడు.”

“అయ్యో అపా! దెబ్బ తగిలిందా? ఎందుకు పీకాడు?”

“విను. పీకి, అంచు ముక్కుకి పెట్టుకున్నాడు. చెయ్యి ఇంత దూరం చాచాడు. మళ్ళీ ముక్కు. మళ్ళీ చెయ్యి. గదంతా తిరిగి కొలుస్తున్నాడు. ఏదో గొణుగుతున్నాడు కూడా. మాట కాదు. పైకి లేస్తోంది, కిందికి దిగుతోంది. నీలాగే.” ఫోనులో ముసలావిడ ఊపిరి వినిపించింది. “వచ్చి చూసుకో. నీ కొడుకు నా ఇల్లంతా కొలిచి అమ్మేసేలా ఉన్నాడు.”

కురలాయ్ ఏదో అనబోయింది. బజారంతా వినే గొంతు ఒక్క అక్షరానికి కూడా లేవలేదు. “సరే అపా” అని గుసగుసగా మాత్రం వచ్చింది.

“ఏమ్మా, మూడు బారలడిగాను. రెండు దగ్గరే ఆగావేంటి?” అని అడిగాడు ముసలాయన.

ఆమె అంచు ముక్కుకి ఆనించుకుంది. చెయ్యి చాచింది. కత్తెర పెట్టే ముందు, ఆయన అడిగిన కొలత మీద ఇంకో జానెడు వదిలింది.